ఊగే ఐడిల్, ₹700 స్కానర్: నాలుగేళ్ల వాడకం

నాలుగేళ్ల క్రితం ₹700 పెట్టి బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు, రీడింగులు చదివే డబ్బా) కొన్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, రీడింగులు ఫోన్‌లో టార్క్ యాప్‌లో చూసుకోవాలి. సరదాకి కొన్నది కాదు. మా 2011 పెట్రోల్ సెడాన్‌కి అప్పట్లో పూనకాలు వచ్చేవి. బెంగళూరులో సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఆర్‌పీఎం ముల్లు 700కి పడి, 1,400కి లేచి, మళ్లీ పడేది. పక్కన ఆటోవాళ్లు నేను పందేనికి పిలుస్తున్నానేమో అన్నట్టు చూసేవాళ్లు.

ముందు షెడ్డుకే తీసుకెళ్లాను. ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ కడిగారు. రెండ్రోజులు బాగుంది, మూడోరోజు మళ్లీ అదే పాట. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే వాళ్ల మిషన్ పెట్టి పీ0171 కోడ్ చూపించి, "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, వేసేద్దాం" అన్నారు. ఐదారు వేల మాట. ఇంటికొచ్చి చూసుకుంటే ఆ కోడ్‌కి అర్థం, గాలి ఎక్కువై పెట్రోల్ చాలడం లేదని. అంతే. ఏ పార్టు పోయిందో అందులో లేదు. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆ సెన్సార్ పాపం ఉన్న సంగతే చెబుతోంది, వీళ్లేమో చెప్పినవాడినే మార్చమంటున్నారు.

ఉత్త కోడ్ చదవడానికైతే ఈ డబ్బా కొనక్కర్లేదు. నాకు పనికొచ్చింది ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ ఎక్కువో తక్కువో పోస్తోందో ఇవి చెబుతాయి. సున్నాకి అటూ ఇటూ ఐదు లోపుంటే బెంగ లేదు. నా బండిలో ఐడిల్‌లో (రేజ్ ఇవ్వకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) షార్ట్ (అప్పటికప్పటి సర్దుబాటు), లాంగ్ (కొన్నాళ్లుగా నేర్చుకున్న సర్దుబాటు) కలిపి +26! మా ఆవిడను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, రేజ్ ఇచ్చి 2,500 దగ్గర పట్టుకోమంటే +5కి దిగింది. ఎక్కడో సందులోంచి గాలి దూరుతోందన్నమాట. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం, అందులో ఈ దొంగగాలి వాటా పెద్దది. రేజ్ ఇచ్చాక అది లెక్కలోకి రాదు. అదే పెట్రోల్ పంపో ఫిల్టరో నీరసిస్తే, లోడ్ పడినప్పుడు అంకె పెరగాలి.

మర్నాడు ఇంజిన్ కాస్త వేడెక్కాక, ఫ్యాన్‌కి దూరంగా చెయ్యి పెట్టి మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) వెనక ట్యూబులు ఒక్కోటీ నొక్కుతూ పోయాను. పీసీవీ ట్యూబు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలిదారిలోకి పంపేది) వంపు మీద వేలు ఆనించగానే బుస్సుమనే చప్పుడు ఆగిపోయి, ముల్లు 750 దగ్గర నిలబడింది. వేలు తీస్తే మళ్లీ ఊగుడు. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది, విప్పి తిప్పితే అడుగున గోరంత పగులు. జేసీ రోడ్డులో కొత్త ట్యూబు ₹280. (క్లీనర్ స్ప్రే కొట్టి వెతికేవాళ్లున్నారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన నాకంత ధైర్యం లేదు.)

లోపాలు లేకపోలేదు. ఐఫోన్‌కి కనెక్ట్ కాదు. సాకెట్‌లోనే వదిలేసి పండక్కి అనంతపురం వెళ్లొస్తే బ్యాటరీ సున్నా. గాలిని నేరుగా కొలవకుండా మానిఫోల్డ్ ప్రెషర్‌తో లెక్కగట్టే బండ్లలో ట్రిమ్ ఇంత తేటగా చెప్పదు. మా తమ్ముడి చిన్న కారు అలాంటిదే. ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి కీ తిప్పితే 91 కిలోపాస్కల్ చూపించింది. ఇంజిన్ ఆఫ్‌లో బయటి గాలి ఒత్తిడే చూపించాలి, అది 101 ఉండాలి కదా, సెన్సార్ పోయిందని కంగారుపడ్డాం. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉందని, ఇక్కడ గాలి ఒత్తిడే తక్కువని తర్వాత వెలిగింది.

పోయినేడాది బండి సిగ్నల్ దగ్గర మళ్లీ వణకడం మొదలుపెట్టింది. మళ్లీ టెన్షన్. స్కానర్ పెడితే ఆర్‌పీఎం 750 దగ్గర కదలట్లేదు, ట్రిమ్ +2, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) కోడ్ కూడా లేదు. స్టీరింగ్ మాత్రం గడగడలాడుతోంది. ఇంజిన్ బాగానే తిరుగుతోంది, దాన్ని పట్టుకున్న రబ్బరే చచ్చిందనిపించింది. అదే షెడ్డుకి వెళ్లి, ఇంజిన్ మౌంట్ చూడమన్నాను. కుర్రాడు రాడ్ పెట్టి ఎత్తి చూసి, "ముందే మిషన్ పెట్టి చూసుకొచ్చారా సార్?" అన్నాడు.