బోర్డు ఫైలా, డివైస్ ట్రీయా?

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్ర భాగమైన కెర్నెల్‌లో 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లకు మద్దతు చేర్చే పాత పద్ధతి బోర్డు ఫైలు. ఏ పరికరం ఏ చిరునామాలో ఉందో, దాని ఇంటరప్టు (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) ఏదో సీ భాషలోనే రాసి కెర్నెల్‌తో కలిపి కంపైల్ చేసేవారు. ఇందులో స్వేచ్ఛ ఎక్కువ: బీగిల్‌బోర్డు అనే చిన్న ఆర్మ్ కంప్యూటర్ ఫైలు మూడు జీపీఐఓ (సాధారణ ఇన్‌పుట్, అవుట్‌పుట్) పిన్నులను చదివి, అది ఏ రివిజన్ బోర్డో తేల్చుకొని, తదనుగుణంగా మిగతా అమరిక చేసేది. అయితే కొత్త బోర్డు వచ్చినప్పుడల్లా కొత్త ఫైలు పుట్టుకొచ్చేది. ఈ రద్దీ మీద 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బాహాటంగానే మండిపడ్డారు.

ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే బూట్ ప్రమాణం నుంచి పవర్‌పీసీ ప్రాసెసర్ల మీదుగా వచ్చిన డివైస్ ట్రీలో ఈ వివరాలు కోడ్‌లో కాక, కెర్నెల్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ దానికి అందించే డేటాలో ఉంటాయి. అదే బీగిల్‌బోర్డులో మూడో సీరియల్ పోర్టుకు ఒక నోడు (ట్రీలో ఒక అంశం), దానికి హెక్సాడెసిమల్‌లో 49020000 అనే చిరునామా, సరైన డ్రైవరును (పరికరాన్ని నడిపే కోడును) పట్టిచ్చే ఒక పేరు, ఇంటరప్టు వివరం ఉంటే దాదాపు సరిపోతుంది. అందువల్ల ఒకే కెర్నెల్ ఇమేజి వేర్వేరు కంపెనీల చిప్‌ల మీద బూట్ కాగలుగుతుంది.

చిక్కు లేకపోలేదు. పాత ట్రీతో కొత్త కెర్నెల్ కూడా నడవాలన్న నియమం వల్ల, ఒకసారి ఆమోదం పొందిన బైండింగును (ఒక పరికరాన్ని ట్రీలో ఎలా వర్ణించాలో చెప్పే ఒప్పందాన్ని) మార్చడం కష్టం. డేటా మాత్రమే కాబట్టి షరతులు, వరుస క్రమాలు డ్రైవర్లలోకి చేరతాయి. ఒకే ఉత్పత్తి కోసం సొంతంగా కెర్నెల్ నిర్వహించుకునేవారికి బోర్డు ఫైలే సులువనిపించవచ్చు. పదేళ్లపాటు నవీకరణలు అందాల్సిన పరికరానికి మాత్రం నా ఓటు డివైస్ ట్రీకే. 2012లో 3.7 వెర్షనుతో వచ్చిన 64 బిట్ల ఆర్మ్ విభాగమైతే బోర్డు ఫైళ్లకు అసలు చోటే ఇవ్వలేదు.