లంకలో రెండు బక్కెట్ల నీళ్లు

సంక్రాంతి సెలవుల్లో గోదావరి గౌతమి పాయ మీద మూడు రాత్రులు ఉన్నాం, రెండు బసల్లో. రెండు చోట్లా బోర్డు మీద ఒకటే మాట: పర్యావరణ హితం.

మొదటిది ఒడ్డునే ఉన్న రిసార్టు. పేరు అనవసరం. పైన తాటాకు కప్పు ఉన్నమాట నిజమే, దాని కింద సిమెంటు శ్లాబూ ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ జనరేటరు మోత. భోజనాల పట్టికలో పులస కనిపించగానే నాకు మిగిలిన కాస్త నమ్మకమూ పోయింది. సముద్రంలో తిరిగే ఇలస, వరదల కాలంలో గోదావరి ఎర్రనీటికి ఎదురీదితేనే కదా పులస అయ్యేది! జనవరిలో ఎక్కడిది? అడిగితే వడ్డించే అబ్బాయి గొంతు తగ్గించి, “పండుగప్ప తీసుకోండి మేడమ్, పొద్దున వచ్చింది” అన్నాడు. పండుగప్ప పులుసు చాలా బాగుంది. పరుపులూ మెత్తగానే ఉన్నాయి.

మర్నాడు కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి. చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలోంచి తెల్లమడ చెట్ల ఊపిరి వేళ్లు మేకులు దిగేసినట్టు పైకి పొడుచుకొని ఉన్నాయి. తిల్ల చెట్టు కొమ్మ విరవవద్దని కాపలా మనిషి పిల్లలను హెచ్చరించాడు, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. పడవ దగ్గర మాత్రం రెండు గంటలు పడిగాపులు కాశాం. ఆటు వేళ కాలువలో నీరు లేదు. టిక్కెట్ల కిటికీ దగ్గర విసుక్కున్నాను గానీ తప్పు నాదే: పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నేనేమో అంతకు మూడు రోజుల ముందు వెళ్లొచ్చిన చుట్టాల వేళ పట్టుకొని వెళ్లాను. వెళ్లేవాళ్లు ముందురోజే పోటు వేళ కనుక్కోండి.

సాయంత్రం యానాం దిగువన, నది మధ్యన ఉన్న లంకకు నాటుపడవలో చేరాం. నాలుగే గదులు, నడుపుతున్నది భార్యాభర్తలు. గది అద్దె రిసార్టు కంటే కొంచెం ఎక్కువే చెప్పారు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లే. తాగేనీళ్లు డబ్బాల్లో పడవ మీద రావాలి, గ్యాసు సిలిండరూ అంతే. ప్రతిదానికీ పడవ కిరాయి. స్నానానికి మనిషికి రెండు బక్కెట్లు, అదీ అక్టోబరు, నవంబరు వానలకు తొట్టిలో పట్టిన నీళ్లు. రెండో బక్కెట్టు సగం మిగిల్చిన మా ఆయనను ఆవిడ మెచ్చుకుంది. నాకు తల స్నానం కుదరలేదు.

మరుగుదొడ్డిలో నీళ్లు పోయరు. పక్కన గంపలో బూడిద కలిపిన కొబ్బరి పొట్టు ఉంటుంది, రెండు దోసిళ్లు చల్లి మూత పెట్టాలి. మొదటిరోజు మొహం చిట్లించాను. రెండోరోజు గమనించాను, వాసన లేదు! ఫ్యాను మాత్రం రాత్రి మూడింటికి ఆగింది, సోలారు బ్యాటరీ అంతవరకే. దోమతెర లేకపోతే ఆ రాత్రి గడిచేది కాదు. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఆ రిసార్టే మేలని నిజాయితీగా చెబుతున్నాను.

వంటింటి గుంజ మీద గీత ఒకటి చూపించాడాయన, 2022 జూలై వరద ఎక్కిన మట్టం. “ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర రెండో వరద హెచ్చరిక 13.75 అడుగులమ్మా. అది ఇచ్చారంటే పరుపులు పడవెక్కిస్తాం. మూడోది 17.75 దాకా ఆగితే మేమే ఎక్కలేం” అన్నాడు. అందుకే జూలై నుంచి సెప్టెంబరు దాకా గదులివ్వరు. పులస తినాలంటే మాత్రం ఆ నెలల్లోనే రావాలి, కానీ అప్పుడు బస లేదు. ఇదేం న్యాయమంటే ఆవిడ నవ్వేసి గోంగూర రొయ్యలు ఇంకో గరిటె వేసింది.

తెల్లవారుజామున ఎదుటి మడల అంచున నీటికుక్కలు రెండు, చేప కోసం కాబోలు, మునుగుతూ తేలుతూ కనిపించాయి. బావురుపిల్లి కోసం రాత్రి మెలకువగా కూర్చున్నందుకు దోమకాట్లే దక్కాయి.

బయలుదేరేటప్పుడు ఆవిడ గుడ్డసంచి ఒకటి చేతికిచ్చింది. అందులో మా పిల్లలు తిని పారేసిన చిప్స్, బిస్కెట్ల కాగితాలు, నా షాంపూ పొట్లాలు. “మీరు తెచ్చినవి మీతోనే పంపుతామమ్మా, సంచి మళ్లీ వచ్చినప్పుడు ఇద్దురుగాని” అంది. యానాం రేవులో దిగి చుట్టూ చూస్తే చెత్తబుట్ట కనబడలేదు. ఆ సంచి ఇంకా మా కారు డిక్కీలోనే ఉంది.