విడి ట్రాక్‌ప్యాడ్‌కు బల్ల మీద చోటెక్కడ?

ల్యాప్‌టాప్‌లో కీబోర్డుకు ముందుండే ట్రాక్‌ప్యాడ్ పలకకు అలవాటు పడిన వేళ్ళు డెస్క్‌టాప్ ముందు కూర్చోగానే దాని కోసం వెతుక్కుంటాయి. రెండు వేళ్ళతో పేజీని పైకీ కిందకీ జరపడం, మూడు వేళ్ళతో ఒక విండో నుంచి మరొక విండోకు వెళ్ళడం ఒకసారి చేతికి పట్టుబడ్డాక, మౌస్ చక్రాన్ని తిప్పుతూ కూర్చోవడం మోటుగా తోస్తుంది. ఆ కారణంగానే ఆపిల్ వారి మ్యాజిక్ ట్రాక్‌ప్యాడ్‌ను పెద్ద తెర ఉన్న కంప్యూటర్‌కు జతచేసుకుని, రాతకూ దిద్దుబాటుకూ చాలాకాలంగా వాడుతున్నాను. వస్తువు మంచిదే. అయినా మొదటి కొన్ని వారాలు సాయంత్రమయ్యేసరికి నా కుడి భుజం లాగేసేది. లోపం వస్తువులో లేదనీ, దాన్ని నేను పెట్టిన చోటులో ఉందనీ గ్రహించడానికి చివరికి కొలత టేపు తీయవలసి వచ్చింది.

ముందుగా వస్తువు సంగతి. ఇది 16 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 11.5 సెంటీమీటర్ల లోతు ఉన్న గాజు పలక. బరువు 231 గ్రాములు. ముందు అంచు అర సెంటీమీటరు, వెనక అంచు ఒక సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ ఎత్తు ఉండటంతో మన వైపు కొద్దిగా వాలి ఉంటుంది. 2010లో వచ్చిన మొదటి రకానికి బ్యాటరీలు మార్చుకోవలసి వచ్చేది. 2015లో ఛార్జ్ చేసుకునే రకం వచ్చింది. 2024లో దానికి యూఎస్‌బీ-సి రంధ్రం అమర్చారు. ఆ రంధ్రం వెనక అంచున ఉంది కాబట్టి ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ పని ఆపనక్కరలేదు. 2015 నుంచి వస్తున్న రకంలో పలకను నొక్కినప్పుడు అది కిందకు దిగదు. లోపలి సెన్సర్లు ఒత్తిడిని పసిగట్టగానే ఒక చిన్న విద్యుదయస్కాంతం అదురుతుంది, ఆ అదురునే మన వేలు క్లిక్ అనుకుంటుంది. నమ్మకం కుదరకపోతే స్విచ్ ఆపి నొక్కి చూడవచ్చు: బల్లను నొక్కినట్టే ఉంటుంది, క్లిక్ జాడే ఉండదు. పలకలో ఏ మూల నొక్కినా క్లిక్ ఒకే రకంగా పడటం దీనివల్ల కలిగిన అసలు మేలు.

ఇక కొలతల సంగతి. అందరిలాగే నేనూ మౌస్‌ను తీసి అదే చోట, అంటే అంకెల మీటలున్న పూర్తి కీబోర్డుకు కుడి పక్కన, ట్రాక్‌ప్యాడ్‌ను పెట్టాను. టైపు చేసేటప్పుడు రెండు చేతుల మధ్య ఉండే చోటు జి, హెచ్ మీటల నడుమ. అక్కడి నుంచి ట్రాక్‌ప్యాడ్ నడిబొడ్డుకు కొలిస్తే సుమారు 40 సెంటీమీటర్లు వచ్చింది. టైపు చేస్తున్న చెయ్యి ప్రతిసారీ అంత దూరం పక్కకు చాచుకుని వెళ్ళి రావాలి, అక్కడ ఉన్నంతసేపూ మోచేయి ఒంటికి దూరంగా ఉండాలి. అంకెల మీటలు లేని పొట్టి కీబోర్డుతో ఆ దూరం 30 సెంటీమీటర్ల పైచిలుకుకు తగ్గుతుంది. అదే ట్రాక్‌ప్యాడ్‌ను కీబోర్డుకు ఎడమ పక్కన పెడితే, ఏ కీబోర్డయినా సరే, దూరం 20 సెంటీమీటర్లకు కొంచెం పైన మాత్రమే ఉంటుంది. అక్షరాల మీటలు కీబోర్డులో ఎడమ వైపుకు జరిగి ఉండటమే దీనికి కారణం. ఇన్నేళ్ళుగా రోజూ ముందేసుకుని కూర్చుంటున్న కీబోర్డు గురించి ఇంత చిన్న సంగతి నాకు తట్టకపోవడం విచిత్రమే.

కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ చేతితో మౌస్ పట్టుకోవడం కష్టం. ట్రాక్‌ప్యాడ్ విషయంలో మాత్రం ఆ ఇబ్బంది అంతగా ఉండదు. మౌస్‌కు మణికట్టు, ముంజేయి కుదురుగా కదలాలి, దీనికి వేలి కొనలు కదిలితే చాలు. నాకు ఓ వారం రోజులు తడబాటుగా ఉంది, ఆ తర్వాత ఎడమ చెయ్యే దాని దగ్గరకు పోవడం మొదలైంది. అయితే ఇందులో ఒక చిక్కు ఉందని చెప్పకపోతే సమీక్ష నిజాయితీగా ఉండదు. కాపీకి, పేస్ట్‌కు, చేసినదాన్ని వెనక్కి తీసుకోవడానికి వాడే మీటలన్నీ కీబోర్డుకు ఎడమ పక్కనే ఉన్నాయి. ఒక చేత్తో గురిచూస్తూ రెండో చేత్తో ఆ మీటలు నొక్కే పని, అంటే బొమ్మలు కత్తిరించడం, పేజీలు అమర్చడం వంటిది ఉన్నప్పుడు నేను ట్రాక్‌ప్యాడ్‌ను మళ్ళీ కుడి వైపుకు తెచ్చుకుంటాను. తీగ లేని వస్తువు కాబట్టి ఆ మార్పు క్షణంలో పని.

ల్యాప్‌టాప్‌లో మాదిరిగా కీబోర్డుకు ముందు, నడుమ పెట్టడం మూడో పద్ధతి. దీనితో కీబోర్డు 12 సెంటీమీటర్లు దూరం జరుగుతుంది, టైపు చేస్తున్నప్పుడు బొటనవేళ్ళు పలకకు తగులుతుంటాయి. చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ అయిన వాళ్ళకు తప్ప నేను దీన్ని సిఫారసు చేయను.

చోటు కుదిరాక కూడా వేళ్ళ తీరును గమనించుకోవాలి. చూపుడు వేలితో పాయింటర్‌ను కదుపుతున్నప్పుడు, మిగతా వేళ్ళు పొరపాటున పలకకు తగులుతాయేమోనన్న జంకుతో వాటిని మనకు తెలియకుండానే పైకి లేపి పట్టుకుంటాం. చేతి వెనక భాగాన్ని చూస్తే నరాలు తీగల్లా బిగుసుకుని కనిపిస్తాయి. రోజంతా ట్రాక్‌ప్యాడ్ వాడి చెయ్యి నొప్పి అనేవాళ్ళు ముందు చూసుకోవలసింది ఇదే. ముంజేతిని బల్ల మీద ఆనించి, పని లేని వేళ్ళను మడిచి పలక అంచుకు అవతల వదులుగా ఉంచితే ఆ బిగువు పోతుంది. బల్ల ఎత్తుగా ఉండి మోచేయి దానికంటే కింద ఉన్నవాళ్ళకు ఈ వాలు పలక మణికట్టును మరికాస్త వెనక్కి వంచుతుంది; కుర్చీని పైకి జరుపుకోవడమే దానికి మందు.

ఇక్కడ ఒక పక్కమాట. ఒకేసారి పలు వేళ్ళ తాకిడిని గుర్తించే ఇలాంటి బహుస్పర్శ పలకలకు బాట వేసిన వాళ్ళలో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన వేన్ వెస్టర్‌మన్, జాన్ ఎలియాస్ ముఖ్యులు. వాళ్ళు 1998లో ఫింగర్‌వర్క్స్ అనే సంస్థ పెట్టారు, 2005లో ఆపిల్ దాన్ని కొనుక్కుంది. మామూలు కీబోర్డు వాడకంతో వెస్టర్‌మన్‌కు వచ్చిన చేతుల నొప్పి ఆ పరిశోధనకు ఒక కారణం. అందుకని ఈ పలకతోనే భుజం నొప్పి తెచ్చుకున్న నా మీద నాకే నవ్వొచ్చింది.

సెట్టింగులలో మూడు మార్పులు వెంటనే చేసుకోవాలి. నొక్కకుండా తట్టితే క్లిక్ అయ్యేలా పెట్టుకోవడం మొదటిది. మూడు వేళ్ళతో ఈడ్చే సదుపాయం రెండోది. మ్యాక్‌లో ఇది ట్రాక్‌ప్యాడ్ పేజీలో కనిపించదు, యాక్సెసిబిలిటీ అనే వేరే విభాగంలో దాగి ఉంటుంది. వేలు నొక్కిపట్టి లాగే శ్రమను ఇది పూర్తిగా తప్పిస్తుంది, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఇదే. ఇక పాయింటర్ వేగం. 27 అంగుళాల తెర దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, పలకేమో 16. మణికట్టు కదలకుండా ఒక్క ఊపులో ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేంత వరకు వేగం పెంచుకోవాలి. విండోస్ వాడేవారు మాత్రం ఆగి ఆలోచించాలి. రెండు, మూడు వేళ్ళతో చేసే మ్యాజిక్ ట్రాక్‌ప్యాడ్ సైగలన్నీ అక్కడ వాటంతట అవి పనిచేయవు, విడిగా డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. దానికంటే మైక్రోసాఫ్ట్ వారి ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ ప్రమాణాన్ని పాటించే వేరే పలకను ఎంచుకోవడం మేలు, ఎందుకంటే వాటి సైగలను విండోస్ నేరుగా తన సెట్టింగులలోనే చూపిస్తుంది.

తడి వేళ్ళతో ఏ ట్రాక్‌ప్యాడూ సరిగా పనిచేయదు. చెయ్యి కడుక్కుని సరిగా తుడుచుకోకుండా వస్తే పాయింటర్ గెంతులేస్తుంది. ఆటలకూ, పెద్ద స్ప్రెడ్‌షీట్లలో గళ్ళను ఎంచుకుంటూ పోయే పనికీ మౌసే నయం కాబట్టి నేను దాన్ని పారేయలేదు, కుడి పక్కన అది అలాగే ఉంది.

కొనాలా వద్దా అన్న సందేహంలో ఉన్నవారు ఒక అట్టముక్కను 16 సెంటీమీటర్ల వెడల్పు, 11.5 సెంటీమీటర్ల లోతుకు కత్తిరించి, ఒకరోజు కీబోర్డుకు కుడి పక్కన, మరొకరోజు ఎడమ పక్కన పెట్టి, మౌస్ అవసరమైన ప్రతిసారీ ముందు దాని మీద వేలు పెట్టి చూడండి. ఏ పక్కన ఉన్నప్పుడు మోచేయి ఒంటిని అంటిపెట్టుకుని ఉందో అదే మీ ట్రాక్‌ప్యాడ్ చోటు. రెండు పక్కలా ఖాళీ లేకపోతే ముందు పొట్టి కీబోర్డు కొనండి.