కిటికీ గడియలు: ఇత్తడివా, నల్లవా, స్టీలువా?

గ్రానైటు కోసం మూడు రోజులు తిరుగుతాం, టైల్స్ కోసం వారం తిరుగుతాం. కిటికీ సామాను దగ్గరికి వచ్చేసరికి ఓపికా డబ్బూ రెండూ అడుగంటి ఉంటాయి. "నువ్వే ఏదో ఒకటి తెచ్చెయ్ ఆచారీ" అనేస్తాం. తీరా గృహప్రవేశం అయ్యాక హాల్లో కూర్చుని చూస్తే, టేకు కిటికీకి తళతళలాడే క్రోమ్ పిడి, ఆసుపత్రిలో మంచానికి ఉన్నట్టు.

తిరుపతిలో మాది రెండు కాలాల ఇల్లు. కింద మా అత్తగారి హయాంలో కట్టినది, టేకు రెక్కలు, ఇనప ఊచలు. పైన ఈమధ్య వేసిన పోర్షన్, తెల్ల గోడలు, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీలు. అందుకని మూడు రకాలూ కొన్నాను, మూడింటితోనూ ఇబ్బంది పడ్డాను.

కింది ఇంటికి ఇత్తడే. ఇందులో నాకు అనుమానం లేదు. హాల్లో ఊయలకు ఇత్తడి గొలుసులున్నాయి, పూజగది తలుపుకు గంటలున్నాయి, మూలన కుందులున్నాయి. వాటి మధ్య నల్ల పిడి పెడితే పట్టుచీర మీద వాచీ బెల్టు కట్టినట్టే. పాత టేకు రంగుకు ఇత్తడి పసుపు కలిసినంతగా ఇంకేదీ కలవదు.

కాకపోతే ఇత్తడి పేరుతో అమ్మేదంతా ఇత్తడి కాదు. ఇనుముకు పసుపు పూత వేసినవి పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. ఫ్రిజ్ మీద అతికించుకునే అయస్కాంతం ఒకటి బ్యాగులో వేసుకెళ్ళండి. రాగి, జింకు కలిసిన అసలు ఇత్తడికి అది అంటదు. అంటిందంటే లోపల ఇనుమే. అంటకపోయినా చేతిలోకి తీసుకుని చూడాలి. జింక్ అలాయ్ మీద పూత వేసిన వాటికీ అయస్కాంతం అంటదు. అవి సైజుకు తగ్గ బరువుండవు.

మరలు కూడా ఇత్తడివే అడగండి. ఇత్తడి బందుకు ఇనప మర బిగిస్తే మొదట తుప్పు పట్టేది మర తలే, ఆ చార చెక్క మీదికి దిగుతుంది. మా ఆచారి ముందు అదే సైజు ఇనప మర తిప్పి, దాన్ని తీసేసి, ఆ బెజ్జంలో ఇత్తడి మర పెట్టాడు. ఏంటికి ఈ రెండు పనులు అంటే, "ఇత్తడి మెత్తనక్కా, టేకులో నేరుగా తిప్పితే సగంలోనే తల తెగిపోతుంది" అన్నాడు. ఒక్కో రెక్కకు అరగంట పట్టింది. కూలి లెక్క వేసుకునేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

మెరుపు సంగతి. కొత్త ఇత్తడికి చాలావాటికి పైన పారదర్శకమైన ల్యాకర్ పూత ఉంటుంది. దాన్ని చింతపండుతో తోమితే పూత అక్కడక్కడా లేచి మచ్చలు పడుతుంది. నేను ఒకటి అలాగే పాడు చేశాను. ఇప్పుడు తోమడం మానేశాను. చెయ్యి పడే చోట బంగారంలా ఉంటుంది, మిగతాది గోధుమరంగుకు తిరిగింది. పాత ఇంట్లో అదే బాగుంది.

ఇక నల్లవి. మావాడు పైన పోర్షన్‌కి అన్నీ నల్లవే కావాలని పట్టుబట్టాడు, స్విచ్ బోర్డులూ ఫ్యానులూ కర్టెన్ రాడ్లతో సహా. తెల్ల గోడ మీద బాగుంటాయి, ఒప్పుకుంటాను. దుమ్ము మాత్రం దాచవు. వేసవిలో పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అసలు చూడాల్సింది రంగు కింద ఏముందనేది. యూపీవీసీ కిటికీల పిడులు ఎక్కువగా అల్యూమినియం లేదా జింక్ అలాయ్, గీత పడ్డా తుప్పు పట్టవు. చెక్క కిటికీకి ఇనప గడియ మీద పౌడర్ కోటింగ్ వేసినది కొంటే వేరే కథ. అంచు దగ్గర చిన్న పెచ్చు లేచిందా, ఆ ఏడు ఈశాన్య వానలకు అక్కణ్ణుంచి తుప్పు మొదలు. లోపలివైపు ఫరవాలేదు, జల్లు కొట్టే వైపు వద్దు.

యూపీవీసీలో ఇంకో తిరకాసు ఉంది. ఫ్రేము గాడిని బట్టి సామాను వస్తుంది, తర్వాత బజారుకెళ్ళి నచ్చిన పిడి తెచ్చి బిగిద్దామంటే కుదరదు. ఆర్డరు ఇచ్చే రోజే రంగు తేల్చుకోవాలి.

స్టీలు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వంటింటికి, బాత్రూముకు అదే. మెరిసేది కాకుండా మ్యాట్ తీసుకుంటే వేలిముద్రలు కనపడవు, ఏ గదిలోనూ ఎబ్బెట్టుగా ఉండదు. 304 రకం అడగండి. అందులో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, తడిలో తొందరగా మచ్చ పడుతుంది. ఇక్కడ అయస్కాంతం పనికిరాదు, రెండింటికీ సరిగా అంటదు. సరుకు మీద ముద్ర చూసుకోవాలి, బిల్లు మీద రాయించుకోవాలి.

ఈ రంగుల గోలలో నేను మర్చిపోయినది చెయ్యి. మన కిటికీల రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, ఊచలు లోపల. అంటే గడియ తీయాలంటే ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టాలి. షాపులో ముచ్చటపడి కొన్న లావుపాటి నగిషీ పిడి ఊచకు తగిలి, పట్టుకుంటే కణుపులు గీసుకుపోయాయి, గాజులు ఇరుక్కున్నాయి. మూడు కిటికీలకు మార్చాల్సి వచ్చింది. దోమల జాలీ రెక్క లోపల ఉంటే పిడి ఎంత పొడుచుకు వస్తుందో కూడా కొలవాలి, లేకపోతే జాలీ మూసుకోదు. ఊచకూ ఊచకూ మధ్య జాగా కొలిచి చీటీ రాసుకుని షాపుకు వెళ్ళండి.

రెక్క ఆపడానికి కొక్కెమా, రంధ్రాల పట్టీ స్టేనా అంటే నా ఓటు స్టేకే. ఆషాఢం గాలికి కొక్కెం పెట్టిన రెక్క టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది, స్టే అయితే కావలసినంత తెరిచి బిగించుకోవచ్చు. పైగా మాది కొండ దగ్గరి వీధి, మెట్ల కిటికీకి ఊచల్లేవు. దాని కొక్కెం ఎత్తడం ఒక కోతికి వచ్చేసింది. అటకమీద అరటిపళ్ళ గెల ఉన్నంతకాలం రోజూ వచ్చింది. ఆ కిటికీ కింది ఇంటికీ పైఇంటికీ మధ్యలో ఉంటుంది. ఇత్తడి టవర్ బోల్టు, అంటే జరిపి వేసే గడియ, అని నేను, నల్లది అని మావాడు. ప్రస్తుతానికి తాడు కట్టి ఉంది.