గుండెలో గడ్డ తీసిన విభాగం: శస్త్రచికిత్సకు పూర్తి మార్కులు, సమాచారానికి సగమే

మా అమ్మకు గుండె ఎడమ పై గది అయిన ఎడమ కర్ణికలో మిక్సోమా, అంటే క్యాన్సర్ కాని ఒక రకం గడ్డ, ఉన్నట్లు ఎకో పరీక్షలో తేలిన మూడో రోజున ఈ ఆసుపత్రిలోని గుండె శస్త్రచికిత్స విభాగంలో చేర్పించాము. అంతకుముందు కొన్ని నెలలపాటు, పడుకున్న తీరును బట్టి వచ్చిపోయే ఆమె ఆయాసాన్ని మేము వయసు ప్రభావమనే అనుకున్నాము.

క్యాన్సర్ కాదంటున్నారు కదా, కొంతకాలం ఆగకూడదా అని నేను అడిగాను. సర్జన్ విసుక్కోకుండా ఎకో దృశ్యాన్ని తెరపై నడిపి చూపిస్తూ, రెండు కర్ణికల మధ్య గోడకు కాడతో అతుక్కుని, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ గది కింద ఉండే మిట్రల్ కవాటంలోకి జారి వెనక్కి వస్తున్న ఆ గడ్డ నుంచి చిన్న ముక్క ఊడినా అది రక్తంలో కొట్టుకుపోయి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చని, మందులతో అది కరగదని వివరించారు. నిరపాయకరం అనే మాట గడ్డ స్వభావానికే గాని అది కూర్చున్న చోటుకు వర్తించదని నాకు అప్పుడు అర్థమైంది. 1954లో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ అనే సర్జన్, గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసే హార్ట్ లంగ్ మెషిన్ సాయంతో మిక్సోమాను తొలిసారి విజయవంతంగా తొలగించిన సంగతి కూడా ఆయనే చెప్పారు; భయపడుతున్న మనిషికి అలాంటి చరిత్ర ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను.

రొమ్ము ఎముకను తెరిచి, రక్తప్రసరణను యంత్రానికి అప్పగించి, గుండెను ఆపిన తరువాత గడ్డను అది మొలిచిన గోడ భాగంతో సహా కోసి తీసి, ఏర్పడిన రంధ్రాన్ని ఆమె గుండె పైపొర ముక్కతోనే మూశారు. మొదలు మిగిలితే మళ్లీ పెరిగే అవకాశం ఉన్నందున చుట్టూ కొంత కోయక తప్పదట. గడ్డ చెదరకుండా, గుండెను ఆపేవరకు దానిని వీలైనంత తక్కువగా తాకుతామని ముందే చెప్పారు. పనిలో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

లోపమంతా ఐసీయూ తలుపు బయటే ఉంది. రెండో రోజు గుండె లయ తప్పితే, ఈ శస్త్రచికిత్స తరువాత అది తరచుగా జరిగేదేనన్న ఒక్క మాట చెప్పడానికి సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. ఫిజియోథెరపీ సిబ్బంది మాత్రం దగ్గేటప్పుడు ఛాతీకి దిండు అదుముకోవడం దగ్గర నుంచి బరువులెత్తకూడని వారాల లెక్క దాకా ఓపికగా నేర్పారు.

ఏటా ఎకో చేయించాలని గట్టిగా చెప్పి పంపిన విభాగమే, బయాప్సీ నివేదిక కోసం నన్ను మూడుసార్లు తిప్పింది. మూడోసారి చేతికందిన ఆ కాగితంలో మిక్సోమా అనే రాసి ఉంది.