కొత్త డాక్టర్: కుర్రాడా, పెద్దాయనా?

బీబీసీలో 1963లో మొదలైన సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ ‘డాక్టర్ హూ’లో ‘డాక్టర్’ అనే హీరో చావుదాకా వస్తే ఒళ్లు మార్చుకుని కొత్త మొహంతో లేస్తాడు. 1966లో విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు దొరికిన ఉపాయం ఇది. కానీ ప్రతి మార్పూ ఒకేలా మింగుడుపడదు.

2010లో మ్యాట్ స్మిత్ వచ్చినప్పుడు నిర్మాతా, తోడుండే అమ్మాయీ, డాక్టర్ కాలంలో, అంతరిక్షంలో తిరిగే నీలం డబ్బా లోపలి అలంకరణా అన్నీ ఒక్కసారే మారాయి. ఎంపికయ్యేనాటికి అతనికి 26 ఏళ్లు. ఆ పాత్రకు అంత చిన్నవాడు అంతకుముందు లేడు. మొదటి రోజే చేపముక్కలు కస్టర్డ్‌లో ముంచుకు తిని (తలుచుకుంటేనే కడుపులో తిప్పుతుంది) మనసు దోచేశాడు. అతనికి ముందు డాక్టర్‌గా చేసిన డేవిడ్ టెనెంట్‌ని తలుచుకుని ఏడవడానికి తెరమీద పాతవాళ్లెవరూ లేరు. అది అతనికి కలిసొచ్చింది.

పీటర్ కపాల్డీకి ఆ వెసులుబాటు లేదు. 2013లో ప్రకటించేసరికి ఆయనకు 55. చిన్నప్పటి నుంచీ ఈ సిరీస్‌కి వీరాభిమాని. 2014లో తొలి ఎపిసోడ్‌లో పాత తోడు క్లారా అక్కడే ఉంది, ఈ నెరిసిన జుట్టాయన్ని ఒప్పుకోలేక నలిగిపోతూ. చివరికి స్మిత్ డాక్టరే ఫోన్ చేసి ‘అది నేనే’ అని నచ్చజెప్పాలి! ప్రేక్షకుడి బెంగనే కథగా మలిచారన్నమాట.

కొత్తగా చూసేవాళ్లకు స్మిత్‌తో మొదలుపెట్టమనే చెబుతాను. నాకు మాత్రం కపాల్డీ రాకే ఎక్కువ ఇష్టం.