'సెల్మా': గుమాస్తా బల్ల ముందు, వంతెన మీద

నేను తిరుపతిలో టీచర్ని. ఎన్నికలొస్తే పోలింగ్ డ్యూటీ పడుతుంది. ఎందరి వేళ్ళకో సిరా పెట్టినదాన్ని కాబట్టేమో, అమెరికాలో నల్లజాతి వాళ్ళ ఓటు హక్కు పోరాటం మీద 2014లో వచ్చిన ఈ సినిమాలో నన్ను అన్నిటికన్నా కదిలించింది ఓటరు నమోదు సీను.

ఓప్రా విన్‌ఫ్రే వేసిన ఆనీ లీ కూపర్ అనే నల్లజాతి మహిళ ఓటు కోసం దరఖాస్తు పట్టుకుని గుమాస్తా ముందు నిలబడుతుంది. రాజ్యాంగ పీఠిక చెప్పమంటాడు, చెబుతుంది. అలబామా రాష్ట్రంలో కౌంటీ (జిల్లా లాంటిది) జడ్జీలెందరంటే 67 అంటుంది. అయితే వాళ్ళందరి పేర్లూ చెప్పమంటాడు! తిరస్కరణ ముద్ర పడినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఇక ఆ రాష్ట్రంలోని సెల్మా ఊరి వంతెన. 1965 మార్చి 7, ఆదివారం. ఓటు హక్కు కోసం సుమారు 600 మంది వట్టి చేతులతో నడిచొస్తుంటే పోలీసుల లాఠీలు, బాష్పవాయువు, గుర్రాలు. దర్శకురాలు ఏవా డువర్నే ఆ పొగలో మనల్నీ నిలబెడుతుంది. పక్కన కూర్చున్న మా అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. "ఏం తప్పు చేసినారమ్మా వాళ్ళు?" అని అడిగింది. సినిమా ఆపి చెప్పాల్సి వచ్చింది.

మార్చి 21న మళ్ళీ బయల్దేరి 25కి రాష్ట్ర రాజధాని మాంట్‌గొమరీ చేరారు. 87 కిలోమీటర్లు, ఇక్కణ్ణుంచి చిత్తూరు కన్నా దూరం. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది.

అధ్యక్షుడు జాన్సన్‌ని మరీ అడ్డుపడేవాడిలా చూపించారన్న విమర్శ నాకూ సబబే అనిపించింది. ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌గా డేవిడ్ ఒయెలోవో మాత్రం ప్రసంగాల్లో కంటే, భార్య ముందు మాట రాక కూర్చున్నప్పుడే గొప్పగా చేశాడు.

మా పదో తరగతి పిల్లలకు ఆ గుమాస్తా సీను తప్పకుండా చూపిస్తాను.